హనుమాన్: బాయ్ వారియర్

హనుమాన్: బాయ్ వారియర్ 2009లో విడుదలైన ఒక వీడియో ఆట. సోనీ వారి ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం దీనిని హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ తయారు చేయగా, సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ యూరప్ ప్రచురించింది. టీవీకి తగిలించి ఆడుకొనే కన్సోల్ యంత్రం కోసం పూర్తిగా భారతదేశంలోనే రూపొందిన మొదటి ఆటగా దీనిని పేర్కొంటారు. ఇందులో నాయకుడు బాల హనుమంతుడు. ఆటగా దీనికి విమర్శకుల మెప్పు దక్కలేదు. అయినా రెండు కారణాల వల్ల ఇది చెప్పుకోదగినది. మొదటిది, మన కథాలోకాన్ని ఈ కొత్త మాధ్యమంలోకి తెచ్చే ప్రయత్నం తెలుగునాట జరగడం. రెండవది, దేవుణ్ణి మీటలు నొక్కి ఆడించవచ్చునా అనే ప్రశ్న దీనితో తలెత్తడం.

ఈ తరహా ఆటల స్వరూపం

అద్భుత కథలతో కూడిన సాహస ఆటలు మనకు బొత్తిగా కొత్తవి అనుకోనక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు చదివినవారికి, 1951లో వచ్చిన పాతాళభైరవి చలనచిత్రం చూసినవారికి వీటి పద్ధతి వెంటనే బోధపడుతుంది. ఒక సాహసి బయలుదేరుతాడు. దారిలో మాంత్రికులు, రాక్షసులు, మాయలు అడ్డుపడతాయి. ఒక్కొక్క అడ్డంకి దాటినప్పుడల్లా ఒక వస్తువో, ఒక శక్తియో లభిస్తుంది. దాని సాయంతో తరువాతి అడ్డంకి దాటాలి. కథ వినేవాడు "తరువాత ఏమైంది?" అని అడుగుతాడు. ఆట ఆడేవాడు ఆ తరువాతను తానే జరిపించాలి. తేడా అంతా ఇక్కడే ఉన్నది. తోటరాముడు మాంత్రికుడి చేతిలో ఓడిపోతాడేమోనని ప్రేక్షకుడు భయపడినా, చివరకు గెలుస్తాడని అతనికి తెలుసు. ఆటలో ఆ భరోసా లేదు. వేలు ఒక క్షణం ఆలస్యమైతే నాయకుడు పడిపోతాడు, ఆ దశ మళ్ళీ మొదటినుంచి ఆడవలసి వస్తుంది.

ప్లేస్టేషన్ 2 యంత్రం 2000 మార్చిలో జపానులో విడుదలైంది. దాని ప్రధాన జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు, ప్రాసెసరు వేగం సుమారు 294 మెగాహెర్ట్‌జ్. ఈనాటి అతి చవక చేతిఫోను కూడా దీనికి ఎన్నో రెట్లు పెద్దది. ఈ కొద్దిపాటి జాగాలోనే కొండలు, అడవులు, రాక్షసులు, నాయకుడి కదలికలు అన్నీ ఇమడాలి. అందుచేత ఆటలోని లోకాన్ని ముక్కలుగా విభజించి, ఒక ముక్క పూర్తి కాగానే డీవీడీ నుంచి మరొక ముక్కను ఎక్కించుకొంటారు. కనిపించే ప్రతి ఆకారమూ చిన్నచిన్న త్రిభుజాల కూర్పే. లోపల ఎముకల గూడు వంటి చట్రాన్ని అమర్చి, ఆ ఎముకలను కదిపితే పైనున్న ఆకారం కదులుతుంది. త్రిభుజాలు ఎక్కువైతే బొమ్మ నునుపుగా ఉంటుంది గాని యంత్రం నెమ్మదిస్తుంది. ఇక్కడ పొదుపరితనమే పనితనం.

ఈ ఆట వచ్చేనాటికి ప్లేస్టేషన్ 3 వెలువడి రెండేళ్ళు దాటింది. అంటే పాశ్చాత్య దేశాలలో పాత యంత్రం వెనుకబడిపోతున్న కాలంలో, ధర తగ్గి మన మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటులోకి వస్తున్న దశలో భారతీయ ఆట వచ్చింది. ఆటను పోల్చి చూసినవారు మాత్రం విదేశాలలో ఏళ్ళ తరబడి, వందలమంది పనిచేసి తీర్చిదిద్దిన ఆటలతోనే పోల్చారు. మొదటి ప్రయత్నానికి ఇది కఠినమైన పరీక్షే.

కథాలోకం: బాల హనుమంతుడు

హనుమంతుని బాల్యకథ వాల్మీకి రామాయణంలో ప్రధానంగా రెండుచోట్ల వస్తుంది. కిష్కింధాకాండ 66వ సర్గలో జాంబవంతుడు క్లుప్తంగా చెబుతాడు. ఉత్తరకాండ 35, 36 సర్గలలో అగస్త్య మహర్షి శ్రీరామునికి విస్తరించి చెబుతాడు.

పుంజికస్థల అనే అప్సరస శాపవశాన కుంజరుడనే వానరుని కుమార్తెగా పుట్టి, అంజన అనే పేరుతో కేసరికి భార్య అయింది. వాయుదేవుని అనుగ్రహంతో ఆమెకు కుమారుడు కలిగాడు. ఒకనాడు తల్లి పండ్లకోసం అడవికి వెళ్ళగా, ఆకలిగొన్న పసివాడు జపాకుసుమంలా ఎర్రగా ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకొని ఆకాశానికి ఎగిరాడు. సరిగా ఆనాడే రాహువు సూర్యుణ్ణి పట్టవలసి ఉన్నది. తన వంతుకు మరొకడు అడ్డువచ్చాడని రాహువు ఇంద్రునితో మొరపెట్టుకొన్నాడు. ఇంద్రుడు ఐరావతమెక్కి వచ్చాడు. పసివాడు ముందు రాహువును, ఆపైన తెల్లని ఐరావతాన్ని కూడా పండ్లనుకొని వాటిమీదికి దూకాడు. ఇంద్రుడు వజ్రంతో కొట్టగా ఎడమ దవడ విరిగి కొండమీద పడ్డాడు. హనువు అంటే దవడ. హనుమంతుడనే పేరు దానినుంచే వచ్చింది.

కొడుకు పడిపోవడం చూసి వాయుదేవుడు అతన్ని తీసుకొని గుహలో ప్రవేశించాడు. గాలి ఆగిపోయింది. లోకాలకు ఊపిరాడలేదు. బ్రహ్మ వచ్చి పిల్లవాణ్ణి తాకి బ్రతికించాడు. దేవతలందరూ తలొక వరమిచ్చారు. తన వజ్రంతో ఇక చావు లేదని ఇంద్రుడు, తన తేజస్సులో నూరవవంతు ఇస్తానని, తగిన వేళ శాస్త్రాలు నేర్పుతానని సూర్యుడు, తన దండంవల్ల భయం గాని రోగం గాని ఉండవని యముడు, తన గద వల్ల మృత్యువు లేదని కుబేరుడు, తాను చేసిన ఏ ఆయుధమూ చంపదని విశ్వకర్మ అనుగ్రహించారు. వరుణుడు, శంకరుడు, బ్రహ్మ కూడా వరాలిచ్చారు.

ఆట తయారుచేసేవారికి ఇది పెద్ద చిక్కు. ఏ ఆయుధానికీ లొంగనివాడితో యుద్ధపు ఆట ఎలా నడుస్తుంది? ఓటమి సాధ్యం కానిదే ఆట లేదు. దీనికి సమాధానం రామాయణంలోనే ఉన్నది. వరగర్వంతో, పసితనపు అల్లరితో హనుమంతుడు ఆశ్రమాలలో యజ్ఞపాత్రలు విరిచి, నారచీరలు చించి ఋషులను విసిగించాడు. భృగు, అంగిరస వంశాల ఋషులు కోపించి, తన బలం తనకు చాలాకాలం తెలియకుండా ఉండాలని, ఎవరైనా గుర్తు చేసినప్పుడే అది వృద్ధి చెందాలని శపించారు. అందుకే సుగ్రీవుడు వాలి చేతిలో కష్టాలు పడుతున్నా హనుమంతుడు తన బలాన్ని ఎరగక ఊరకున్నాడని అగస్త్యుడు వివరిస్తాడు. సముద్రతీరాన జాంబవంతుడు గుర్తుచేసేదాకా ఆ మరపు వీడలేదు. నాయకుడికి శక్తులన్నీ ఉండి, తెలియకుండా ఉండి, ఒక్కొక్కటిగా తెలియరావడం సాహస ఆటలకు మూలసూత్రం. విదేశీ ఆటలలో నాయకుడికి మతిమరపు కల్పించి దీనిని సాధిస్తారు. మనకు ఆ కథ సిద్ధంగా ఉన్నది.

ఇక సముద్రలంఘనం సంగతి. సుందరకాండ మొదటి సర్గ చదువుతుంటే ఎవరో దశలవారీగా అమర్చినట్లే ఉంటుంది. నూరు యోజనాల దూరంలో మూడు ఆటంకాలు. మొదట మైనాకుడు, విశ్రాంతి తీసుకొమ్మనే మిత్రుడు. ఇక్కడ గెలుపు అంటే మర్యాద తప్పకుండా చేతితో తాకి ముందుకు సాగడం. రెండవది సురస, దేవతలు పంపిన పరీక్ష. ఆమె నోరు పెంచుతుంటే ఇతడు దేహం పెంచుతాడు. ఆమె నోరు నూరు యోజనాలయ్యేసరికి ఇతడు బొటనవ్రేలంత అయి, లోపలికి పోయి బయటికి వచ్చేస్తాడు. ఇది తెలివికి పరీక్ష. మూడవది నీడను పట్టి లాగే సింహిక. ఇక్కడ మర్యాదా చమత్కారమూ పనికిరావు, చంపవలసిందే. మూడు చోట్ల మూడు రకాల ఉపాయాలు కావాలి. ప్రతి ఆటంకాన్నీ కొట్టి గెలవడమే ఆట అనుకొనేవారికి ఈ సర్గ మంచి పాఠం.

మరొక మాట. హనుమంతుని బొమ్మ అనగానే చేతిలో గద ఉండి తీరాలని అందరి నమ్మకం. వాల్మీకి హనుమంతుడు మాత్రం చెట్లు, కొండరాళ్ళు, అశోకవనంలో దొరికిన ఇనుప పరిఘ, ప్రాసాదపు స్తంభం వంటివాటితోనే యుద్ధం చేస్తాడు. గద శిల్పులూ చిత్రకారులూ తరువాత అలవాటు చేసినది.

తెలుగువారి చేర్పులు

వాల్మీకంలో లేని కథలు ఈ లోకంలో ఎన్నో చేరాయి. రంగనాథ రామాయణంలో సంజీవి కోసం పోయే హనుమంతుణ్ణి ఆలస్యం చేయడానికి కాలనేమి కపటమునియై కూర్చుంటాడు. మైరావణ కథ మరీ వింతైనది. రామలక్ష్మణులను మైరావణుడు పాతాళానికి ఎత్తుకుపోతే హనుమంతుడు వెతుక్కుంటూ వెళతాడు. ద్వారం దగ్గర కావలి ఉన్నది తన కుమారుడే అయిన మత్స్యవల్లభుడు. మైరావణుని ప్రాణాలు అతని దేహంలో లేవు, వేరేచోట అయిదు తుమ్మెదలలో దాగి ఉన్నాయి. కొన్ని పాఠాలలో తుమ్మెదలకు బదులు దీపాలు. పాతాళపు కోట, కావలివాడు, దాచిన ప్రాణం: వీడియో ఆటకు ఇంతకంటే సిద్ధమైన కథ మరొకటి లేదేమో.

ఈ కథలను కదిలే బొమ్మలతో చూపడం కూడా మనకు పాతదే. తోలుబొమ్మలాటలో రంగనాథ రామాయణపు ద్విపదలు పాడుతూ, నిలువెత్తు హనుమంతుణ్ణి తెల్లని తెరమీద ఎగిరిస్తారు. కాకినాడ దగ్గరి మాధవపట్నం, అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందినవి. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి హాస్యమాడతారు. చలనచిత్రాలలో అర్జా జనార్దనరావు ఎన్నోసార్లు హనుమంతుని వేషం ధరించారు. వాటిలో 1968 నాటి వీరాంజనేయ ఒకటి. ఆటకు నాలుగేళ్ళు ముందు, 2005లో, హనుమాన్ అనే హిందీ యానిమేషను చిత్రం పిల్లలను బాగా ఆకట్టుకొన్నది. బాల హనుమంతుణ్ణి ఆటకు నాయకుడిగా ఎంచుకోవడానికి అప్పటికే దారి పడి ఉన్నదని చెప్పవచ్చు.

వివాదం

2009లోనే ఈ ఆటపై అభ్యంతరం వచ్చింది. అమెరికాలోని నెవాడాలో ఉండే రాజన్ జెడ్, యూనివర్సల్ సొసైటీ ఆఫ్ హిందూయిజం అధ్యక్షుని హోదాలో, ఆటను ఉపసంహరించుకోవాలని సోనీ సంస్థను కోరారు. ఈయన 2007 జూలైలో అమెరికా సెనేట్‌లో మొదటిసారిగా హిందూ ప్రార్థన చదివినవారు. ఆయన వాదన సారాంశం ఇది: భక్తులు ప్రపంచాన్ని నడిపించే శక్తిగా కొలిచే దైవాన్ని, ఆటగాడు తన ఇష్టం వచ్చినట్లు జాయ్‌స్టిక్కుతో నడిపించడం తగదు. వ్యాపార ప్రయోజనం కోసం హనుమంతుణ్ణి ఆటలో ఒక పాత్రగా కుదించకూడదు. తరువాత 2012లో స్మైట్ అనే అమెరికన్ ఆటలో కాళికాదేవి తదితరుల చిత్రణపైనా ఆయన అభ్యంతరం తెలిపారు.

ఈ వాదనను తేలికగా కొట్టివేయలేము, అలాగని పూర్తిగా ఒప్పుకోవడమూ కష్టమే. తోలుబొమ్మ కళాకారుడు కూడా హనుమంతుణ్ణి పుల్లలతోనే ఆడిస్తాడు. వీధినాటకంలో ఊరివాడే ముఖానికి రంగు పూసుకొని తోక తగిలించుకొంటాడు. దాన్ని ఎవరూ అపచారమనలేదు. పైగా హనుమంతుని వేషానికి కొబ్బరికాయ కొట్టిన సందర్భాలు పల్లెలలో ఉన్నాయి. కాబట్టి పుల్ల బదులు మీట వచ్చిందన్నది అసలు తేడా కాదు. బొమ్మలాట మొదట వినాయకుని ప్రార్థనతో ప్రారంభమవుతుంది, కథ ఎలా ముగియాలో అందరికీ తెలుసు, అందులో హనుమంతుడు ఓడడు. వీడియో ఆటలో ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేయి జారితే హనుమంతుడు లోయలో పడతాడు. భక్తుడికి ఇబ్బంది కలిగించేది ఈ విషయం కావచ్చు. మరోపక్క ఆ పిల్లవాడు పది నిమిషాలసేపు తానే హనుమంతుడైనట్లు భావించుకొంటాడు. రామాయణాన్ని పుస్తకంలో ముట్టనివాడు అంజన ఎవరని ఇంట్లో అడిగితే, అదీ లెక్కలోకి రావలసిందే.

తరువాతి కాలంలో

2009లోనే హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా అనే ఆటను రూపొందించింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల వంటి ఆటలు అందులో ఉన్నాయి. 2017లో బాహుబలి చిత్రాల ఆధారంగా బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ చేతిఫోను ఆటను విడుదల చేసింది.

పురాణ కథాలోకంతో వచ్చినవాటిలో ఎక్కువ గౌరవం పొందినది పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ వారి రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్. ఇది 2020 ఆగస్టులో నింటెండో స్విచ్ యంత్రానికి, అక్టోబరులో మిగిలిన యంత్రాలకు విడుదలై, ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ తొలి ఆట విభాగంలో ప్రతిపాదనకు నోచుకొన్నది. ఇందులో నాయిక రాజీ అనే సర్కసు పిల్ల. రక్షాబంధనం నాడు ఆమె తమ్ముడు గోలును రాక్షసులు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ బయలుదేరుతుంది. దుర్గాదేవి, విష్ణువు ఆమె ప్రయాణాన్ని చూస్తూ కథ చెబుతారు, ఆయుధాలు అనుగ్రహిస్తారు. ఆటగాడు నడిపించేది మనిషిని, దేవుణ్ణి కాదు. పడినా లేచినా మనిషే. 2009 నాటి అభ్యంతరానికి ఇంతకంటే మర్యాదైన జవాబు ఉండబోదు. కొంతమేరకు ఇది జానపద కథల పాత పద్ధతే, అక్కడా దేవత ప్రత్యక్షమై వరమిస్తుంది గాని కత్తి పట్టేది తోటరాముడే.

ప్లేస్టేషన్ 2 యంత్రాల తయారీ 2013 జనవరినాటికి నిలిచిపోయింది. హనుమాన్: బాయ్ వారియర్ ఆ యంత్రం కోసమే తయారైనది కనుక, అసలు రూపంలో దీనిని ఆడాలంటే పాత యంత్రమూ పాత డీవీడీ రెండూ చెడిపోకుండా ఉండాలి. తాళపత్రాన్ని చూసి తిరగ వ్రాసుకోవచ్చు. డీవీడీ గీతలు పడితే అందులోని హనుమంతుణ్ణి పిలవడానికి జాంబవంతుడికి కూడా సాధ్యం కాదు.