ఎంఎస్ దరఖాస్తు.. ఆఖరి తేదీ దాకా ఆగొద్దు!

వచ్చే ఆగస్టులో అమెరికాలో ఎంఎస్ మొదలుపెట్టాలనుకుంటున్నారా? యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆఖరి తేదీ చూసి ‘ఇంకా బోలెడు టైముందిలే’ అనుకోకండి. చాలా విభాగాలు రెండు తేదీలు ఇస్తాయి. ముందు వచ్చేది ప్రయారిటీ డెడ్‌లైన్. ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో ఉంటుంది. ఆ తర్వాతిది రెగ్యులర్ డెడ్‌లైన్.

తేడా డబ్బు దగ్గరే

సీటు రెండో రౌండులోనూ రావచ్చు. కానీ స్కాలర్‌షిప్పులు, అసిస్టెంట్‌షిప్పుల కోసం చాలా విభాగాలు ప్రయారిటీ తేదీలోపు వచ్చిన దరఖాస్తులనే చూస్తాయి. ఎంఎస్ వాళ్లకు దక్కేవే తక్కువ. ఆలస్యమైతే ఆ కొద్దిపాటి పోటీలోనూ మీరుండరు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి చదవబోయేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

రెండు జాబితాలు రాసుకోండి

బాగా కావాలనుకున్నవి, ఆర్థిక సాయం ఇచ్చేవి మొదటి రౌండులో పెట్టండి. వచ్చిన దరఖాస్తును వచ్చినట్టే పరిశీలించే రోలింగ్ అడ్మిషన్ల కాలేజీలకు, మిగతావాటికి రెండో రౌండు. అలాగని తొందరపడి సగం సగం ఎస్‌ఓపీ పంపొద్దు. స్కోరు సరిపోలేదనిపిస్తే ఆ ఒక్క కాలేజీని రెండో జాబితాలోకి మార్చండి.

వెనక నుంచి లెక్కేయండి

జూన్-జులై: జీఆర్‌ఈ, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్. ఆగస్టు నుంచి ప్లేస్‌మెంట్ల హడావుడి మొదలైతే చదవడం కష్టం. జీఆర్‌ఈ మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి. అసలు ఆ విభాగం జీఆర్‌ఈ అడుగుతోందో లేదో ముందే చూసుకోండి.

సెప్టెంబరు: ప్రొఫెసర్లను రికమెండేషన్ లెటర్లు అడగండి. రెజ్యూమె, కాలేజీల తేదీలు వాళ్ల చేతిలో పెట్టండి. ట్రాన్స్‌క్రిప్టులకూ ఇప్పుడే దరఖాస్తు చేయండి.

అక్టోబరు: ఎస్‌ఓపీ. ఒక్కో కాలేజీకి తగ్గట్టు మార్చాలి.

నవంబరు: మొదటి జాబితా పంపేయండి. డిసెంబరు సెమిస్టర్ పరీక్షలకు వదిలేయండి. రెండో జాబితాను జనవరిలో ముగించండి.

ఇవీ గుర్తుంచుకోండి

* అమెరికా తూర్పు తీరంలో డిసెంబరు 15 రాత్రి 11.59 అంటే మనకు 16 ఉదయం 10.29. లెక్క తప్పినా నష్టం లేకుండా రెండు రోజుల ముందే పంపండి.

* డెడ్‌లైన్ లోపు దరఖాస్తు ఒక్కటే చేరితే చాలా, స్కోర్లు, లెటర్లు కూడా అందాలా? ఇది ఒక్కో విభాగానికి ఒక్కోలా ఉంటుంది.

* ఆర్థిక సాయంతో ఆఫర్ వస్తే వెంటనే ‘సరే’ అనక్కర్లేదు. ఏప్రిల్ 15 ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలు ఆ తేదీ వరకు గడువిస్తాయి.

* ఒప్పుకున్నాక వేరేచోట చేరడానికి వీల్లేని ‘ఎర్లీ డెసిషన్’ బ్యాచిలర్ డిగ్రీలకు సంబంధించింది. ప్రయారిటీ డెడ్‌లైన్‌తో కలిపి కంగారుపడొద్దు.

ఇవాళే ఓ షీట్ తెరవండి. కాలేజీ, ప్రయారిటీ తేదీ, రెగ్యులర్ తేదీ, ఫీజు అని నాలుగు గడులు గీయండి. అవి నింపితే ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.