జుట్టు పలచబడుతోందా? ముందు రక్తపరీక్ష
హుజూరాబాద్: పాపిట వెడల్పై మాడు కనిపిస్తుంటే మహిళలు నూనెలు మార్చడం కన్నా కారణం తెలుసుకోవడం ముఖ్యం. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. ప్రసవం, టైఫాయిడ్, డెంగీ తర్వాత రెండు మూడు నెలలకు అధికంగా రాలినా చాలామందికి ఆరు నెలల్లో తగ్గిపోతుంది.

తగ్గకుంటే రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నాయేమో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పట్టణంలోని ఏరియా ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవచ్చు. ఐరన్ మాత్రలను టీతో వేసుకోరాదు.

వంశపారంపర్యంగా పలచబడితే వైద్యులు మినాక్సిడిల్ సూచిస్తారు. ఫలితం కనిపించడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. గర్భిణులు, బాలింతలు దీనిని వాడరాదు.