ముందు గిరాకీ... ఆ తర్వాతే యంత్రం
టీషర్టుల ముద్రణలో ఏ తరహా వ్యాపారం మేలు? తేల్చేది ఆర్డర్ల లెక్కే

వరంగల్‌: కళాశాల వార్షికోత్సవమైనా, గణేశ్‌ నిమజ్జన ఊరేగింపైనా, క్రికెట్‌ పోటీలైనా, ఎన్నికల ప్రచారమైనా ఒకే రంగు, ఒకే బొమ్మ ఉన్న టీషర్టులు ధరించడం ఆనవాయితీగా మారింది. చిన్న దుకాణాల నుంచి ప్రైవేటు ఆసుపత్రుల వరకు సిబ్బందికి సంస్థ పేరు ముద్రించిన దుస్తులు ఇస్తున్నాయి. ఈ గిరాకీని చూసి స్వయం ఉపాధిగా దుస్తుల ముద్రణను ఎంచుకోవాలనుకునే యువతీ యువకులు తక్కువేమీ కాదు.

అయితే ఈ రంగంలోకి వచ్చేవారు సాధారణంగా వేసే మొదటి ప్రశ్న ‘ఏ యంత్రం కొనాలి?’ అని. అమ్మకందారు గంటకు ఎన్ని టీషర్టులు అచ్చు వేయవచ్చో చూపిస్తాడు. వాటిని ఎవరు కొంటారన్నది ఆయన చెప్పడు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము యంత్రంగా మారి మూలన కూర్చుంటే నష్టం ఆ కుటుంబానిదే. అందుకే ఎవరికి, ఎన్నేసి చొప్పున, ఏ పద్ధతిలో అమ్మాలన్నది ముందుగా తేల్చుకోవాలి. యంత్రం ఎంపిక దాని వెనకే వస్తుంది.

అచ్చు ఒకటే... పద్ధతులు అనేకం

స్క్రీన్‌ ముద్రణ పాత పద్ధతి. శుభలేఖలు అచ్చు వేసేవారికి కొత్తేమీ కాదు. బొమ్మలోని ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్‌ తయారు చేసుకోవాలి. తయారీకి శ్రమ, ఖర్చు ఉన్నా, ఒకసారి సిద్ధమైతే వందలాది టీషర్టులను తక్కువ ఖర్చుతో ముద్రించవచ్చు. చేతితో నడిపే సామగ్రి వేల రూపాయల్లోనే వస్తుంది. సిరాను తగినంత వేడితో ఆరబెట్టకపోతే మాత్రం నాలుగు ఉతుకులకే బొమ్మ ఊడిపోతుంది.

డీటీఎఫ్‌ పద్ధతిలో బొమ్మను మొదట ప్రత్యేకమైన ఫిల్మ్‌పై ముద్రించి, జిగురు పొడి చల్లి, వేడి చేసి, ఆ తర్వాత హీట్‌ప్రెస్‌తో వస్త్రంపైకి ఎక్కిస్తారు. నూలుపైనా, పాలిస్టర్‌పైనా, ముదురు రంగులపైనా పనిచేస్తుంది. ఒక్క టీషర్టుకైనా, వందకైనా ఒక్కోదానికి ఖర్చులో పెద్దగా తేడా ఉండదు.

డీటీజీ యంత్రం కాగితంపై ప్రింటర్‌ ముద్రించినట్లు నేరుగా వస్త్రంపైనే అచ్చు వేస్తుంది. నూలుపై ఫలితం బాగుంటుంది. ధర లక్షల్లో ఉంటుంది. పని లేదని కొన్నాళ్లు ఆపేస్తే తెల్లసిరా గడ్డకట్టి యంత్రం మొరాయిస్తుంది.

సబ్లిమేషన్‌ పద్ధతి పాలిస్టర్‌కే, అదీ తెలుపు, లేత రంగులకే సరిపోతుంది. నూలు టీషర్టుపై రంగు నిలవదు. క్రీడాకారుల జెర్సీలకు మాత్రం దీన్ని మించింది లేదు. పేర్లు, అంకెలు వంటి చిన్న పనులకు వినైల్‌ కత్తిరించి అతికించే పద్ధతి చాలు.

నలభై దగ్గర మారే లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. మూడు రంగుల బొమ్మకు స్క్రీన్లు సిద్ధం చేయడానికి రూ.1,200, ఆ తర్వాత ఒక్కో టీషర్టుకు సిరా, కూలి కలిపి రూ.30 అవుతుందనుకుందాం. పది టీషర్టులే ముద్రిస్తే ఒక్కోదానికి అచ్చు ఖర్చు రూ.150. వంద ముద్రిస్తే రూ.42. మూడు వందలైతే రూ.34 మాత్రమే. అదే బొమ్మ డీటీఎఫ్‌లో ఎన్ని వేసినా రూ.60 చొప్పున పడుతుందనుకుంటే, సరిగ్గా 40 టీషర్టుల వద్ద రెండు ఖర్చులూ సమానమవుతాయి. అంతకంటే చిన్న ఆర్డర్లకు డీటీఎఫ్‌, పెద్ద ఆర్డర్లకు స్క్రీన్‌ ముద్రణ లాభదాయకం. ధరలు ఊరిని బట్టి మారవచ్చు గానీ లెక్క వేసే తీరు మారదు. మన వద్దకు వచ్చే ఆర్డర్లు ఏ పరిమాణంలో ఉంటాయో తెలియకుండా యంత్రం కొనడం ‘ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న చందమే.

మొదటి దారి: సంఘాలు, సంస్థల ఆర్డర్లు

కళాశాలలు, పాఠశాలలు, ఉత్సవ కమిటీలు, క్రీడా సంఘాలు, దుకాణాల నుంచి ఒకేసారి యాభై, వంద, అయిదు వందల టీషర్టుల ఆర్డరు తీసుకుని చేసిపెట్టడం ఈ పద్ధతి. అమెరికాలో 2000లో మొదలైన కస్టమ్‌ ఇంక్‌ సంస్థ ఇలా బృందాల ఆర్డర్లపైనే ఎదిగింది. ఎన్ని కావాలో, ఏయే కొలతలో ముందే తెలుస్తుంది కాబట్టి సరుకు మిగిలిపోదు. సగం సొమ్ము బయానాగా తీసుకుంటే టీషర్టుల కొనుగోలుకు అదే పెట్టుబడి అవుతుంది.

చిక్కల్లా గడువుతోనే. వేడుక నాటికి అందని సరుకును మర్నాడు ఎవరూ తీసుకోరు. పైగా గిరాకీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. విద్యాసంవత్సరం ఆరంభం, వినాయక చవితి, కళాశాలల ఉత్సవాలు, రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతర, ఎన్నికలు... ఇలా కొన్ని వారాలు ఊపిరి సలపనివ్వవు. మిగతా నెలల్లో ఖాళీగా ఉండాల్సి రావచ్చు. ఆ నెలల కోసం దుకాణాలు, ఆసుపత్రులు, భద్రతా సిబ్బంది ఏకరూప దుస్తుల వంటి నిలకడైన ఖాతాలు కొన్నయినా సంపాదించుకోవాలి.

రెండో దారి: సొంత బ్రాండు

తెలుగు సామెతలో, ఊరి యాసలో, కాకతీయ తోరణమో బొమ్మగా వేసి సొంత పేరుతో అమ్మడం యువతను ఎక్కువగా ఆకర్షించే మార్గం. ముంబయిలో 2012లో మొదలైన బేవకూఫ్‌ వంటి సంస్థల విజయం ఇందుకు ప్రేరణ. కానీ ఇక్కడ శత్రువు నిల్వ సరుకు. నాలుగు బొమ్మలు, రెండు రంగులు, అయిదు కొలతలు అనుకుంటే నలభై రకాలు. రకానికి అయిదు చొప్పున ముద్రించినా రెండు వందల టీషర్టులు. ఒక్కోటి రూ.200 పడితే పెట్టుబడి రూ.40,000. అందులో 120 టీషర్టులు రూ.399 చొప్పున అమ్ముడైతే వచ్చేది రూ.47,880. ప్రకటనలు, కొరియరు ఖర్చులు తీసేస్తే చేతికి మిగిలేవి బీరువాలోని 80 టీషర్టులే. అవీ ఎక్కువగా బాగా చిన్న, బాగా పెద్ద కొలతలవే అయి ఉంటాయి.

దీనికి విరుగుడు ముందుగా ఆర్డర్లు సేకరించడం. షికాగోలో 2000లో ప్రారంభమైన థ్రెడ్‌లెస్‌ సంస్థ బొమ్మలను జనం ముందుంచి, ఎక్కువ ఓట్లు వచ్చినవాటినే ముద్రించింది. 2011లో వచ్చిన టీస్ప్రింగ్‌ మరో అడుగు ముందుకేసి, నిర్ణీత సంఖ్యలో కొనుగోలుదారులు ముందుగా డబ్బు కడితేనే అచ్చు వేసే పద్ధతి తెచ్చింది. మన కళాశాలల్లో ఒక బ్యాచ్‌ విద్యార్థులు చందాలు వేసుకుని టీషర్టులు చేయించుకోవడమూ ఇలాంటిదే. కొత్త బొమ్మ పెట్టేవారు యాభై మంది సొమ్ము చెల్లించిన తర్వాతే స్క్రీన్‌ తయారు చేసుకుంటే చేతులు కాలవు.

మూడో దారి: ఆర్డరు వచ్చాకే ముద్రణ

వినియోగదారు అంతర్జాలంలో ఒక్క టీషర్టు ఆర్డరు చేస్తే, దాన్ని వేరే ముద్రణ సంస్థ అచ్చువేసి నేరుగా వారి ఇంటికే పంపుతుంది. మనకు యంత్రమూ అక్కర్లేదు, నిల్వా అక్కర్లేదు. దుస్తుల తయారీకి పేరుగాంచిన తమిళనాడులోని తిరుప్పూరు వంటి చోట్ల ఈ సేవలు లభిస్తున్నాయి. పెట్టుబడి తక్కువన్నది నిజమే. కానీ లాభమూ అంతే పలుచన.

రూ.499కి ఒక టీషర్టు అమ్మారనుకుందాం. ముద్రణ సంస్థకు రూ.280, కొరియరుకు రూ.60, చెల్లింపు రుసుము రూ.10, ప్రకటనకు రూ.80 పోతే మిగిలేది రూ.69. పన్ను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలో పదిమందిలో ఒకరు తీసుకోకుండా తిప్పి పంపితే తయారీ, రానుపోను కొరియరు, ప్రకటన కలిపి రూ.480 నష్టం. తొమ్మిదింటిపై వచ్చిన రూ.621లో అది పోగా పది ఆర్డర్లకు మిగిలేది రూ.141 మాత్రమే. కాబట్టి ఈ దారిలో ముందే చెల్లించేవారికే అమ్మడం క్షేమం. ఏ బొమ్మకు ఆదరణ ఉందో తెలుసుకోవడానికి ఇది మంచి పరీక్ష. ఇల్లు గడవడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం కష్టం.

నాలుగో దారి: ఇతరుల కోసం ముద్రణ

ఫ్లెక్సీ దుకాణాలు, శుభలేఖల ముద్రాపకులు, ఏకరూప దుస్తుల వ్యాపారులు తెచ్చిపెట్టిన పనిని కూలి లెక్కన చేసిపెట్టడం జాబ్‌వర్క్‌. అమ్మకాల బాధ ఉండదు. రేటు మాత్రం మన చేతిలో ఉండదు. నైపుణ్యం ఉండి, మాటలు చెప్పి అమ్మడం చేతకానివారికి ఇది అనువైనది. వస్త్రం వారిదే కాబట్టి పాడైతే భరించేది ఎవరన్నది ముందుగానే కాగితంపై రాసుకోవాలి.

సొంత యంత్రం ఎప్పుడు?

రూ.4 లక్షల రుణంతో యంత్రం కొన్నారనుకుందాం. 12 శాతం వడ్డీతో మూడేళ్ల గడువైతే నెల వాయిదా సుమారు రూ.13,300. గది అద్దె రూ.6,000, విద్యుత్తు రూ.2,000, సహాయకుడి జీతం రూ.12,000 కలిపితే నెలకు రూ.33,300 ఖర్చు తప్పదు. టీషర్టుకు రూ.60 మిగిలితే, నెలకు 555 టీషర్టులు చేస్తే గానీ ఖర్చులు రావు. యజమాని శ్రమకు ప్రతిఫలం ఆ తర్వాతి టీషర్టు నుంచే మొదలవుతుంది.

యంత్రం లేకుండా ఇంటి నుంచే ఆర్డర్లు తెచ్చి, బయట ముద్రించి ఇస్తే టీషర్టుకు రూ.30 మాత్రమే మిగులుతుందనుకున్నా, నెలకు రెండు వందలు చేస్తే రూ.6,000 చేతికొస్తాయి. అదే రెండు వందలకు సొంత యంత్రమైతే రూ.21,300 చేతి నుంచి పడుతుంది. ఈ లెక్కన నెలకు 1,110 టీషర్టులు దాటితేనే సొంత యంత్రం మేలు. అందువల్ల మొదటి ఆరునెలలు బయట ముద్రించి, నెలవారీ ఆర్డర్లు పుస్తకంలో రాసుకుని, ఆ సంఖ్యను చూశాకే రుణానికి వెళ్లడం వివేకం. 2015లో మొదలైన ముద్ర పథకం కింద రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు కిశోర్‌ విభాగంలో తాకట్టు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. తాకట్టు లేకపోయినా వాయిదా మాత్రం ఆగదు.

పన్నులు, చట్టాలు మరవొద్దు

• తెలంగాణలో ఏడాది టర్నోవరు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువుల అమ్మకానికి ఈ పరిమితి రూ.40 లక్షలు. సొంత టీషర్టులను ఇతర రాష్ట్రాలకు అమ్మితే టర్నోవరు ఎంతైనా నమోదు చేసుకోవాల్సిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 వరకు ధర ఉన్న దుస్తులపై జీఎస్టీ 5 శాతం.

• ఉద్యమ్‌ నమోదు ఉచితం. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారులు గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. సంస్థలకు అరువుపై సరుకిచ్చేవారికి ఇది రక్షణ.

• సినిమా బొమ్మలు, క్రికెట్‌ జట్ల చిహ్నాలు, పేరున్న సంస్థల లోగోలు అనుమతి లేకుండా ముద్రించరాదు. కాపీరైట్‌ ఉల్లంఘన రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. 2022 నవంబరులో అమితాబ్‌ బచ్చన్‌ పేరు, రూపం, గొంతును అనుమతి లేకుండా వాడరాదని ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. ‘ఖాతాదారుడే తెచ్చిన బొమ్మ’ అన్నంత మాత్రాన ముద్రించినవారి బాధ్యత తప్పదు.

• స్వాతంత్య్ర దినోత్సవ ఆర్డర్లలో మరింత జాగ్రత్త అవసరం. జాతీయ పతాకాన్ని దుస్తుల వస్త్రంపై ముద్రించడాన్ని 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం నిషేధిస్తోంది.

ఆర్డరు తీసుకునే ముందు...

• ఒక నమూనా ముద్రించి, నాలుగైదుసార్లు ఉతికి చూశాకే ఖాతాదారుకు చూపాలి. దానిపై సంతకం తీసుకోవాలి.

• పేర్లు, అక్షరాలను వారితోనే సరిచూపించాలి. తెలుగు ఒత్తులు, దీర్ఘాలు ఫాంటు మారినప్పుడు చెదిరిపోతాయి. అచ్చు పడ్డాక దిద్దలేం.

• కొలతల పట్టిక రాతపూర్వకంగా తీసుకోవాలి. వందకు రెండు మూడు టీషర్టులు పాడవుతాయన్న అంచనాతో అదనంగా తెప్పించుకోవాలి.

• వస్త్రం బరువును జీఎస్‌ఎంలో పేర్కొనాలి. 180 జీఎస్‌ఎం చూపించి 140 ఇస్తే రెండో ఆర్డరు రాదు.

• సగం సొమ్ము బయానాగా, మిగతాది సరుకు అప్పగించేటప్పుడు తీసుకోవాలి.

పది వేల రూపాయలున్నవారికి సంస్థల ఆర్డర్లు తెచ్చి బయట ముద్రించడం, చేతిలో పనితనం ఉన్నవారికి స్క్రీన్‌ ముద్రణ జాబ్‌వర్క్‌, బొమ్మలు గీయగలవారికి ముందుగా ఆర్డర్లు సేకరించే సొంత బ్రాండు అనువైన ఆరంభాలు. ఒకదానిలో నిలదొక్కుకున్నాక రెండోదాన్ని జత చేసుకోవచ్చు. యంత్రాలు ఏటా కొత్తవి వస్తూనే ఉంటాయి, ధరలూ తగ్గుతుంటాయి. ఆగినందువల్ల పోయేదేమీ లేదు. గడువుకు సరుకిస్తాడన్న పేరును మాత్రం ఎవరికి వారు ఒక్కో ఆర్డరుతో సంపాదించుకోవాల్సిందే.