కిలిమంజారో పర్వతమును కుటుంబముతో నెక్కుట

నల్లజర్ల వారమైన మనకుఁ గొండ యనఁగానే ద్వారకాతిరుమల కొండ జ్ఞప్తికి వచ్చును. కొంచెము దూరము పోయినవారు గుంటుపల్లి గుహల కొండలనో, గోదావరిమీఁద పడవలో పోవుచు పాపికొండలనో చూచియుందురు. అక్కడి కెక్కినవాఁ డెవ్వఁడును గాలి చాలక వెనుకకు మరలినట్లు మనము వినలేదు. మనకు దక్షిణమున నున్న కొల్లేటి గ్రామములవారు మాటిమాటికిఁ జెప్పుకొను అయిదవ కాంటూరు, సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తున నున్న గీఁత. అట్టి పల్లపు సీమకు ఎగువనున్న మెట్టలోఁ బెరిగిన మన పిల్లలకు, 19,341 అడుగుల పర్వతమును తల్లితోనో తండ్రితోనో కలసి యెక్కుట కథవలెఁ దోఁచుట సహజము. కాని తెలుగు పిల్లలు దాని నెక్కిరి. ఎట్లెక్కుదురో, అందలి యపాయ మెచ్చట దాఁగియున్నదో విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియఁజేయుటకే యీ వ్యాసము.

ఆ పర్వతము పేరు కిలిమంజారో. అది ఆఫ్రికా ఖండమున టాంజానియా దేశములో, భూమధ్యరేఖకు మూఁడు డిగ్రీల దక్షిణముగా నున్నది. ఎత్తు 5,895 మీటర్లు. ఆ ఖండమున నింతకంటె నున్నతమైన పర్వతము లేదు. అది పూర్వ మగ్నిపర్వతము. కీబో, మావెంజీ, షీరా యను మూఁడు శిఖరములు గలది. వానిలో నున్నతమైన కీబో అంచున నున్న తుది స్థానమునకు ఉహూరు శిఖరమని పేరు. ఉహూరు అనఁగా స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యము. 1848 వ సంవత్సరమున యోహన్నెస్ రెబ్మాన్ అను మిషనెరీ ఆ శిఖరముమీఁది మంచును కన్నులార చూచి వ్రాయఁగా, ఐరోపాలోని భూగోళ పండితులు కొందఱు నమ్మరైరి. ఎండలు మండు భూమధ్యరేఖ చెంత మంచేమి యని వారి వాదము! ఇంటఁ గూర్చుండి వాదించిన పండితుల మాట తప్పినది. నడచిపోయి చూచిన యుపదేశకుని మాట నిలిచినది. 1889 వ సంవత్సరము అక్టోబరు 6 వ తేదీన హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అనువారు శిఖరమును జేరిరి.

2018 వ సంవత్సరము ఏప్రిల్ 2 వ తేదీన హైదరాబాదునకుఁ జెందిన సమన్యు పోతురాజు అను ఏడేండ్ల బాలుఁడు ఆ ఉహూరు శిఖరముమీఁద నిలిచెను. (సాధారణముగా పదియేండ్లు నిండనివారిని అక్కడి యధికారులు శిఖరమునకుఁ బోనీయరు.) అతని వెంట శిక్షకుఁడును తల్లియు బయలుదేరిరి. మార్గమధ్యమున నారోగ్యము చెడినందున తల్లి యాగిపోయెను. బాలుఁడు పైకి సాగెను. 2021 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో అనంతపురము జిల్లాకుఁ జెందిన తొమ్మిదేండ్ల రిత్వికశ్రీ, తండ్రియే మార్గదర్శిగా, అదే పర్వతముమీఁద 5,681 మీటర్ల యెత్తున నున్న గిల్మన్ పాయింటు వఱకు నెక్కెను. పత్రికలు పిల్లల ఘనతను వ్రాసినవి, అది వ్రాయఁదగినదే. నా దృష్టి మాత్రము ఆగిపోయిన తల్లిమీఁద నిలిచినది. పెద్దవా రాగిపోఁగా పసివాఁడు సాగుట యెట్లు? బలముగలవారికే కొండ లొంగునని కదా మనము తలఁతుము.

దీనికిఁ గారణము గాలిలో నున్నది. గాలిలోని ప్రాణవాయువు పాలు సముద్రతీరమునను, శిఖరముమీఁదను ఒక్కటియే. నూటికి ఇంచుమించు 21 వంతులు. మాఱునది పీడనము. పైనున్న గాలి బరువుచేత క్రింది గాలి నొక్కఁబడి దట్టముగా నుండును. పైకిఁ బోయినకొలఁది పలుచనగును. కిలిమంజారో శిఖరమున గాలి పీడనము సముద్రమట్టమున నున్నదానిలో సుమారు సగమే. కాఁబట్టి అక్కడ రొమ్మునిండఁ బీల్చిన శ్వాసలో, ఇక్కడి శ్వాసలో నుండు ప్రాణవాయువులో సగమే దొరకును. శరీరము ఊరకుండదు. శ్వాస వేగమగును, గుండె వడిగాఁ గొట్టుకొనును, మెల్లమెల్లగా రక్తములోని యెఱ్ఱకణములు పెరుగును. ఈ సర్దుబాటునకు దినములు కావలెను. తొందరపడినవారికిఁ దలనొప్పి, వికారము, నిద్రలేమి, నిస్సత్తువ కలుగును. ఇదియే పర్వతవ్యాధి. ముదిరినచో ఊపిరితిత్తులలో నీరు చేరును, లేక మెదడు వాచును. ఊరక కూర్చున్నప్పుడును ఆయాసపడుట, విడువని దగ్గు, మాట తడఁబడుట, త్రాగినవానివలెఁ దూలుచు నడచుట దాని గుర్తులు. అప్పుడు క్రిందికి దిగుటయే ముఖ్యమైన చికిత్స, అర్ధరాత్రియైనను దిగవలసినదే. ఈ వ్యాధి బలహీనులనే పట్టునను మాట తప్పు. వ్యాయామమున నారితేఱినవానిని పడవేసి, వాని ప్రక్కనున్న వృద్ధుని విడిచిపెట్టుటయుఁ గలదు. ఎవరిని పట్టునో ముందుగాఁ జెప్పుట కష్టము.

పదివేల యడుగులు దాఁటిన పిమ్మట, ఒక రాత్రి పండుకొన్న చోటికంటె మఱునాఁటి రాత్రి పండుకొను చోటు 1,600 అడుగులకు మించి యెత్తుగా నుండరాదనియు, మూఁడు నాలుగు దినముల కొకసారి యాగవలెననియు వైద్యులు చెప్పుదురు. కిలిమంజారోలో నీ నియమము పాటించుట కష్టము. మరంగు మార్గమున మందారా, హొరొంబో, కీబో అను విడుదు లుండు నెత్తులు వరుసగా 2,720, 3,720, 4,720 మీటర్లు. అనఁగా నొక్కొక్క దినమునకు వేయి మీటర్లు! అందుచేత వివేకులు హొరొంబోలో నొక దినము హెచ్చుగా నిలుతురు. త్రోవపొడుగునను గైడ్లు "పోలె, పోలె" యని హెచ్చరించుచుందురు. మెల్లగా, మెల్లగా అని దాని యర్థము. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినది అక్కడ శరీరశాస్త్రమే యగుచున్నది.

కుటుంబముతోఁ బోవుటలో మేలొకటి కలదు. చిన్నపిల్లలకుఁ దమ బాధ చెప్పుట తెలియదు. తలనొప్పి వచ్చినను వారు ఊరక యేడ్తురు, ఆట మానుదురు, తిండి వలదందురు. క్రొత్తవాఁడు దానిని మారాము అనుకొనును. తల్లి మాత్రము ముఖము చూడఁగానే కనిపెట్టును. కాని ఆ ప్రేమవలననే గొప్ప కీడును గలదు: ఒకరి సంతోషము కొఱకు ఒకరు బాధను దాఁచుదురు. దీనిని నేను పుస్తకములలోఁ జదువలేదు. కొన్ని యేండ్ల క్రిందట మేము అలిపిరి నుండి తిరుమలకు మెట్ల దారిని పోయితిమి. ఆ మెట్లు 3,550. మా యమ్మ నవ్వుచునే నడచినది. మోకాళ్ళపర్వతము వద్ద కూలఁబడినప్పుడు చూతును గదా, పాదములు రెండును వాచియున్నవి. గాలిగోపురము నాఁటినుండియే నొప్పి యున్నదఁట. "ఏలమ్మా చెప్పవైతివి?" అనఁగా, "పిల్లల సరదా చెడఁగొట్టనేల నాయనా" యన్నది. మా చిన్నవాని మడమ చెప్పొరసి నెత్తురు కాఱుచుండెను. నేను కోపింతునని వాఁడును నోరు మెదపలేదు. ముందు నడచుచు, మా వారందఱు ఎంత చక్కఁగా నడచుచున్నారని మురిసినవాఁడను నేనే. అచ్చట దాని ఫలము మూఁడు దినముల పడక మాత్రమే. పదునైదు వేల యడుగులపైన నా మౌనమే ప్రాణమునకు వచ్చును.

కావున నట్టి యాత్రకుఁ బోఁదలఁచిన కుటుంబము ఇంటియొద్దనే కొన్ని యేర్పాటులు చేసికొనవలెను. ప్రతి యుదయమును, ప్రతి సాయంకాలమును గైడు ఒక్కొక్కరిని వేఱుగాఁ బిలిచి, తలనొప్పి యున్నదా, తిన్నదేమి, నిద్రపట్టినదా యని యడుగవలెను. అందఱి యెదుట నడిగినచో తల్లియుఁ జెప్పదు, పిల్లయుఁ జెప్పదు. ఆగుటయా సాగుటయా యను తీర్పు తండ్రికి విడువరాదు. అతఁడు సొమ్ము వెచ్చించినవాఁడు. బంధువులందఱితోఁ జెప్పి వచ్చినవాఁడు. అతని తీర్పు కొంచెము పైవైపునకే వాలును. గైడు దిగుమన్న దిగవలెను. ఒకరికంటె నెక్కువమంది గైడ్లను గుదుర్చుకొనుటయు నవసరము. ఆగినవారికిఁ దోడుండుట కొకఁడు, సాగువారితోఁ బోవుట కొకఁడు. ఈ యేర్పాటు లేని కుటుంబమున కొక్కరికి జబ్బుచేసినప్పుడు రెండే దారులు: అందఱును దిగుట, లేక రోగి నీడ్చుకొనిపోవుట. ఈ రెండవది యెన్నటికిని గూడదు.

కీబో విడుదినుండి తుది యెక్కుడు అర్ధరాత్రమున మొదలగును. రాత్రి చలికి గులకరాళ్ళ వాలు గట్టిపడి యడుగు నిలుచును. ఎండ యెక్కిన పిమ్మట అదియే కాలిక్రింద జాఱును. చలి సున్న డిగ్రీలకుఁ జాల దిగువనుండును. సీసాలోని నీరు గడ్డకట్టును. బరువునుబట్టి చూడఁగా పిల్లల చర్మపు వైశాల్యము హెచ్చు గనుక వారి దేహము పెద్దవారి దేహముకంటె శీఘ్రముగాఁ జల్లారును. అందుచే వారిని ఊరక నిలుపరాదు, తడిసిన మేజోళ్ళతో నడిపింపరాదు. గిల్మన్ పాయింటు చేరువఱకుఁ దెల్లవాఱును. అది కీబో బిలపు టంచు. అచ్చటినుండి ఉహూరునకు ఇంకను రెండువందల మీటర్లకుఁ బైగా నెక్కవలసియుండును. పెక్కండ్రు అచ్చటనే మరలుదురు. వారికిని ప్రశంసాపత్ర మిత్తురు.

దిగుట యెక్కుటకంటె సులభమని తలంపరాదు. మోకాళ్ళకు నొప్పి యప్పుడే. ఐనను శిఖరము చూచినవారును, చూడనివారును ఆ దినముననే హొరొంబోవఱకు దిగివత్తురు. గాలి దట్టమైనకొలఁది తలనొప్పి దానంతట నదియే విడుచును. ఉదయము గంజి ముట్టని పిల్లలు సాయంకాలమునకు అన్నము పెట్టుమని యడుగుదురు.