బయానా ఇచ్చే ముందు నంబరు అడగండి
బ్రోకరు మన ఊరివాడైనా చట్టం ఒక్కటే

శంషాబాద్: ఇక్కడ ఏ టీ హోటల్లో కూర్చున్నా భూమి మాటే. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో బేరాలు పెరిగాయి. వాటితోపాటు బ్రోకర్లూ పెరిగారు.

బ్రోకరంటే పట్నం నుంచి వచ్చినవాడే కానక్కరలేదు. మేనల్లుడు కావచ్చు, పాలివాడు కావచ్చు, బళ్లో కలిసి చదువుకున్నవాడు కావచ్చు. అందుకే 'కాగితం చూపించు' అని అడగడానికి నోరు రాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఆ మొహమాటం వల్లనే.

కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. అయితే దానికి పద్ధతి ఉంది. 2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించిన లేఅవుటును ముందుగా రెరాలో నమోదు చేయించాలి. ఆ నంబరు రాకముందే ప్రకటనలు వేయడం, 'ప్రీలాంచ్' పేరిట డబ్బు వసూలు చేయడం నేరం. అందులో ప్లాట్లు అమ్మించే ఏజెంటుకూ సొంత రెరా నంబరు ఉండాలి. అతను లెక్కల పుస్తకాలు రాయాలి. లేని అనుమతులు ఉన్నట్టు చెప్పరాదు. బుకింగ్ నాడే కాగితాలన్నీ కొనేవారికి అందేలా చూడాలి.

తప్పితే జరిమానా రోజుకు 10 వేల రూపాయలు. అది ప్లాటు ధరలో 5 శాతం వరకు పెరగవచ్చు. 20 లక్షల ప్లాటుకు లక్ష రూపాయలన్నమాట. వచ్చిన కమీషన్ అందులోనే పోతుంది. కొత్తగా ఈ పనిలో దిగే యువకులు ఇది గుర్తుంచుకోవాలి.

మరో కిటుకు గుంటల బేరం. తహసీల్దారు కార్యాలయంలో సాగుభూమిగా రిజిస్ట్రేషన్ చేయించి, ఇంటి స్థలమని నమ్మిస్తారు. అది సాగుభూమే. లేఅవుటుకు అనుమతి లేకపోతే రేపు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరకడం కష్టం.

ఈ మండలానికి జీవో 111 చిక్కు కూడా ఉంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. శంషాబాద్ మండలంలోని అనేక గ్రామాలు ఆ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో సడలింపు ప్రకటించారు. 'జీవో ఎత్తేశారు, ఇక అడ్డు లేదు' అని బ్రోకరు అంటే నమ్మవద్దు. సడలింపు వేరు, ఆ సర్వే నంబరుకు లేఅవుట్ అనుమతి వేరు. హెచ్‌ఎండీఏ అనుమతి పత్రం చూపించమనండి.

అసైన్డ్ భూముల జోలికి పోరాదు. 1977 చట్టం ప్రకారం వాటి క్రయవిక్రయాలు చెల్లవు. ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకోవచ్చు. నష్టపోయేది అమ్మిన పేదవాడు, కొన్న పేదవాడు.

రైతు రైతుకు పొలం అమ్ముకుంటే రెరా వర్తించదు. అక్కడ మన జాగ్రత్తే మనకు దిక్కు. ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతిలో సర్వే నంబరు చూడాలి. ఈసీ తీయించాలి. హద్దులు కొలిపించాలి. అమ్మే రైతు కూడా ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయరాదు.

లేఅవుటులో ప్లాటు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు అడిగితే, ముందు అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ చేయమనాలి. డబ్బు చెక్కు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోవాలి. మోసం జరిగితే హైదరాబాద్‌లోని రెరా కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. సొమ్ము వడ్డీతో తిరిగి ఇప్పించే అధికారం దానికి ఉంది.

నంబరు అడిగితే నిజాయితీగల బ్రోకరు నొచ్చుకోడు. నొచ్చుకుంటే, బయానా జేబులోనే ఉంచుకుని ఇంటికి రావడం మేలు.