ఉప్పుగాలికి సత్తురేకు
ఐస్లాండు తీరపు ఇంటికప్పులను గూర్చి

సముద్రమునకు చేరువ పల్లెలలో జింకురేకుల కప్పు వేసికొన్న రైతులకు ఒక సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. వేసిననాడు వెండివలె మెఱసిన రేకు కొన్ని యేండ్లకే చూరుకడ ఎఱ్ఱబాఱును. మేకుల చుట్టును జల్లెడవలె తూట్లు పడును. వానకాలమున నట్టింట గిన్నెలు పెట్టుకొనవలసి వచ్చును. తీరమునకు పది మైళ్ల దూరమున నున్న చుట్టముల యింటి రేకు, అదే దుకాణమున అదే దినమున కొన్నదైనను, ఇంకను గట్టిగనే యుండును. దోషము రేకుది మాత్రమే కాదు, గాలిది కూడను. ఈ ఉప్పుగాలికి మంచును గడ్డకట్టు చలియు తోడైనచో ఇంటికప్పు ఏ పాటు పడునో, అట్టి చోట కాపురముండువారు ఏ రేకును ఏ విచారణతో ఎన్నుకొనవలసియున్నదో తెలుపుటకు ఐస్లాండు దేశమును ఉదాహరణముగ తీసికొనుచున్నాము. ఆ దేశపు రైతులు మనవలెనే సహకారులు. అదియు నొక కారణము.

ఐస్లాండు ఐరోపాకు వాయవ్యముగ, ఉత్తర అట్లాంటికు మహాసముద్రమున, ధ్రువవలయమునకు ఇంచుక దిగువనున్న దీవి. పేరు మంచుదేశమే గాని తీరమున చలి మనము ఊహించునంత ఘోరమైనది కాదు. రాజధానియగు రెయిక్యవీకులో జనవరి మాసపు సగటు ఉష్ణము ఇంచుమించు 0 డిగ్రీలు. జూలైలో 11 లేక 12 డిగ్రీలు. కష్టమంతయు ఈ సున్న యొద్దనే యున్నది. ఉష్ణము సున్నకు చాల దిగువను నిలుకడగ నున్నచో మంచు మంచుగనే పడియుండును. సున్నకు అటునిటు ఊగులాడుచున్నచో, పగలు కరగిన నీరు రేకుల సందులలో దూరి, రాత్రి గడ్డకట్టి, ఉబ్బి, సందును మఱింత వెడల్పు చేయును. శీతకాలమంతయు ఇదే వరుస. అంతేకాక అచటి వాన నిలువుగ కురియుట అరుదు. గాలితో అడ్డముగ కొట్టును. ఆ గాలి సముద్రపు తుంపరలను మోసికొనివచ్చి ప్రతి గోడకును ప్రతి కప్పునకును ఉప్పు పూయును.

పూర్వము అచటి రైతుల యిండ్లు పచ్చికగడ్డల యిండ్లు. వేళ్లతో సహా కోసిన పచ్చికగడ్డలను రాళ్లతో కలిపి పేర్చి గోడలు కట్టి, కప్పుమీదను పచ్చికనే పఱచెడివారు. అవి వెచ్చగ నుండెడివి గాని లోపల తేమయు చీకటియు మెండు. గోడలను మరల మరల కట్టుకొనవలసి వచ్చెడిది. మంచి కలపనిచ్చు అడవులు ఆ దేశమున లేవు. 19వ శతాబ్దపు చివరి భాగమున బ్రిటను వర్తకులు ఐస్లాండు గొఱ్ఱెలను ప్రాణముతోనే కొని ఓడలలో తీసికొనిపోసాగిరి. గొఱ్ఱెలు వెళ్లిన దారినే బ్రిటనునుండి వచ్చిన సరకులలో ముడుతల యినుపరేకు ఒకటి.

సహకారులు ప్రత్యేకముగ గమనింపదగిన సంగతి యొకటి యిచట కలదు. ఈ గొఱ్ఱెల బేరముతోనే ఆ దేశమున సహకారోద్యమము వేరూనినది. 1882లో ఉత్తరతీరమునందలి థింగేయ మండలపు రైతులు, వర్తకులు చెప్పిన ధరకు అమ్ముటయు వారు చెప్పిన ధరకే కొనుటయు మాని, తామే కలసి అమ్మి తామే కలసి కొనుటకు సంఘము పెట్టుకొనిరి. హూసవీకు రేవు దాని కేంద్రము. ఐస్లాండులో అదియే మొదటి సహకార సంఘము. 1896లో బ్రిటను ప్రభుత్వము ప్రాణముతోనున్న గొఱ్ఱెల దిగుమతికి అడ్డుచట్టము చేయగా ఆ బేరము చెడినది. సంఘములు మాత్రము చెడలేదు. 1902లో అవి కలసి సమాఖ్యగ ఏర్పడినవి.

ఇనుపరేకును ఆ దేశము వారు పట్టుకొన్నంత గట్టిగ మఱియెవ్వరును పట్టుకొని యుండరు. కప్పునకే కాక నాలుగు గోడలకును రేకునే తొడిగి రంగు పూసిరి. అడ్డముగ కొట్టు వానకు కలపగోడ నిలువదు గదా. రెయిక్యవీకు పాతవీథులలో ఎఱుపు, నీలము, పసుపు రంగుల రేకుటిండ్లను నేటికిని చూడవచ్చును. అవి నిలిచియుండుటకు కారణము ఇనుము గొప్పతనము కాదు. ఇంటివారు రంగుడబ్బాయు కుంచెయు చేతబట్టుకొని విసుగక మరల మరల రంగు వేయుచుండుటయే.

ఇప్పుడు క్రొత్త కప్పు వేసికొనువారి యెదుట మూడు రకముల రేకులు ఉండును. మొదటిది మన జింకురేకు: ఇనుముపై జింకు పూత. జింకు తాను ముందు కరగుచు ఇనుమును కాపాడును. ఉప్పుగాలిలో ఆ కరగుట వేగముగ జరుగును. జింకు తీఱిన చోటునుండి తుప్పు ఆరంభమగును. రెండవది ఇనుముపై అల్యూమినియమును జింకును కలిపిన పూత గల రేకు. బరువులో 55 పాళ్లు అల్యూమినియము, 43 పాళ్లకు పైగా జింకు, మిగిలినది సిలికను. 1972 నుండి బజారులోనికి వచ్చిన ఈ రేకు సామాన్యపు చోట్ల జింకురేకు కంటె ఎన్నో యేండ్లు ఎక్కువ మన్నినది. అయినను దీనికిని లోపల నున్నది ఇనుమే. కోసిన అంచుకడను, మేకు దిగిన రంధ్రముకడను ఇనుము బయటపడును. ఉప్పు అచటనే పట్టుకొనును. తీరమునకు ఇన్ని గజములలోపల వేసినచో తమకు పూచీ లేదని తయారుచేయువారే పూచీపత్రమునందు చిన్న అక్షరములతో వ్రాయుట తఱచుగ కలదు. రేకు కొనువారు ముందుగ చదువవలసినది ఆ చిన్న అక్షరములనే.

మూడవది అచ్చమైన అల్యూమినియపు రేకు. అల్యూమినియమనగా మన యిండ్లలోని సత్తుగిన్నెల లోహమే. దీనికి ఎఱ్ఱతుప్పు లేదు. గాలి సోకినంతనే దీనిపై కంటికి కనబడని పలుచని పొర యొకటి తనంతట పుట్టును. గీరినను మరల పుట్టును. అంచు కోసినను రంధ్రము చేసినను బయటపడునది అదే లోహము గావున దాచవలసినది లోపల ఏమియు లేదు. 19వ శతాబ్దము ముగియు కాలమున రోము నగరమునందు సాన్ జొఅకీనో అను దేవాలయపు గుమ్మటమునకు అల్యూమినియపు రేకు కప్పిరి. దశాబ్దములు గడచిన పిదప పరీక్షింపగా అది చక్కగనే యుండెను.

అయినను, సత్తుకు చెఱుపు లేదని దుకాణదారు చెప్పు మాట సగమే నిజము. ఆ రెండవ సగము మన ఆడువారికి దుకాణదారుకంటె బాగుగ తెలియును. సత్తుగిన్నెలో ఊరగాయ నిలువయుంచిన వారెవరైన కలరా? ఉప్పును తేమయు ఒకేచోట చాలకాలము నిలిచినచో గిన్నె అడుగున చిన్న చిన్న గుంటలు పడును. కప్పుమీదను అంతే. వాన కడుగుచున్నంత మేర రేకునకు భయము లేదు. చూరు క్రింది భాగము, గోడపై వాన తగులని చోటు, చెత్త పేరుకొను మూల, ఇవియే గుంటలు పడు చోట్లు. అందుచే తీరపుటిండ్లవారు ఏటికి ఒకటి రెండు మాఱులు ఆ చోట్లను మంచినీటితో కడిగి ఉప్పు వదల్చుట మేలు. రేకునకు ముందే కాల్చి పట్టించిన రంగు పూత యున్నచో ఈ బాధ చాలవఱకు తగ్గును.

అంతకంటె ముఖ్యమైనది తోడు. అల్యూమినియము ఒంటరిగ నున్నపుడు సాధువు. కాని వానిని రాగితో చేర్చి ఉప్పునీరు తగిలించినచో ఆ రెంటినడుమ విద్యుత్తు పుట్టి అల్యూమినియము తినబడిపోవును. రాగిమేకు కొట్టనవసరము లేదు. పైని రాగితొట్టినుండి వాననీరు రేకుపై కారినను చాలును. చెదలు పట్టకుండ రాగిమందు ఎక్కించిన కలపను తడిగ నుండగనే రేకునకు ఆనించినను ఇదే కీడు. ఆఱని సున్నమును, పచ్చి సిమెంటును ఈ లోహమునకు పడవు. గోడ పూత పూయువారు రేకుపై చిందించిన సున్నము ఎండకముందే కడిగివేయవలయును. వట్టి యినుపమేకు కొట్టినచో రేకునకు తుప్పు లేకపోయినను మేకు తుప్పుపట్టి, తల ఊడి, గాలివాననాడు రేకు లేచిపోవును. కావున మేకులు గాని మరమేకులు గాని తుప్పుపట్టని ఉక్కువియో అల్యూమినియపువియో కావలెను. తల క్రింద రబ్బరుబిళ్ల యుండవలెను. వేయి రూపాయల రేకునకు పది రూపాయల మేకు ఆదాచేసి చెడగొట్టుకొనుట చూచుచునే యున్నాము. ఏ దేశమైనను లోభము ఒకటే.

చలిదేశమున మఱియొక చిక్కు కలదు. ఏ లోహమైనను వేడికి సాగి చలికి ముడుగును. అల్యూమినియము ఇనుమునకు రెండింతలు సాగును. 6 మీటర్ల పొడవుగల రేకు, శీతకాలపు రాత్రికిని ఎండతగిలిన వేసవి మధ్యాహ్నమునకును నడుమ 60 డిగ్రీల భేదము కలిగినచో, 8 మిల్లీమీటర్లకు పైగా సాగును. ఇనుపరేకు 4 మిల్లీమీటర్లు సాగి ఊరకుండును. ఆ రేకును పైనుండి క్రిందివఱకు బిగించి కొట్టినచో సాగుటకు తావులేక అల వలె ఉబ్బును, మేకు రంధ్రములు కోడిగ్రుడ్డువలె కోలయగును, నీరు దిగును. ఇందుకై నిలువుటంచుల రేకులను వాడుదురు. ఒక రేకు అంచును లేపి ప్రక్క రేకు అంచుతో మడత పెట్టుదురు. ఆ మడతలో దాగియున్న కొక్కెము రేకును పట్టుకొనును గాని నిలువుగ జరుగనిచ్చును. పైకి ఒక్క మేకైనను కనబడదు. పని తెలిసినవాడు దొరకనిచోట ఈ విధానము జోలికి పోక, పొట్టిరేకులను కోలరంధ్రములతో బిగించుట మంచిదని మా యభిప్రాయము.

సత్తురేకు తేలిక. 0.8 మిల్లీమీటరు మందముగల సాదా రేకు చదరపు మీటరునకు 2 కిలోలకు కొంచెము పైగా తూగును, 0.5 మిల్లీమీటరు ఉక్కురేకు 4 కిలోలకు దగ్గఱగ తూగును. పాతయింటి వాసములకు ఇది సుఖమే. కాని అదే మందమున ఉక్కునకున్న బిఱుసులో దీనికి మూడవవంతు మాత్రమే యుండును. మనిషి ఎక్కినచో సొట్టపడును. బలమైన గాలికి ఊగును. కావున పలుచనిది కొని మురియక మందమైనది కొని, క్రింద పలకలు అడ్డముగ పఱచి, పలకలపై తారుకాగితము పఱచి, ఆపైని రేకు వేయవలయును. ఐస్లాండు వారి పాతయిండ్లలో ఇనుపరేకునకును పలకలు, తారుకాగితములే ఆధారము.

ఆ పలకలకు వేఱొక పని కూడ కలదు. చలిదేశమున ఇల్లు లోపల వెచ్చగనుండును. వంటయు ఊపిరియు కలిసి గాలి తేమగ నుండును. ఆ గాలి చల్లని రేకును తాకినంతనే చన్నీటిచెంబు వెలుపల చెమ్మపట్టినట్లు నీరగును. కప్పు కాఱుచున్నదని పైకెక్కి వెదకిన రంధ్రము కనబడదు; నీరు లోపలనుండి వచ్చినది. గదిలోని గాలి పైకి పోకుండ లోకప్పును గట్టిగ మూయుటయు, రేకునకును క్రిందిపొరకును నడుమ చూరునుండి కొప్పువఱకు గాలి ఆడు సందు విడుచుటయు దీనికి మందు. గాలి ఆడనిచో రేకు చెడకపోయినను వాసములు కుళ్లును.

మంచు సంగతి ఒక మాటలో ముగింతుము. నునుపైన రేకుపై మంచు నిలువదు. కరగునపుడు ఒక్కసారిగ చాపవలె జారిపడును. ద్వారముపైనను, పశువులు నడుచు త్రోవపైనను కప్పుమీద అడ్డుకడ్డీలు బిగించి దానిని ముక్కలు ముక్కలుగ దిగునట్లు చేయుదురు.

పశువులకొట్టమునకు ఏ రేకు అని రైతు అడుగును. పేడనుండియు మూత్రమునుండియు పుట్టు ఘాటుగాలి జింకునకు గొడ్డలి. అల్యూమినియము, జింకు కలిసిన పూతరేకునకు కొట్టములమీద పూచీ లేదని చెప్పు తయారీదారులు పలువురు కలరు. అచ్చమైన సత్తురేకు ఆ గాలికి మెఱుగుగ ఓర్చును. అయినను రేకునకంటె ముందు కొట్టమునకు గాలిదారి తెఱచుట మేలు.

ఇక ధర. సత్తురేకు ప్రియము. ఐస్లాండులో 1969 నుండి అల్యూమినియము కరగించు పెద్ద కార్ఖానాలు నడచుచున్నవి. అచట ముడిమన్ను లేదు. నదుల శక్తితో పుట్టు విద్యుత్తు కొఱకు ముడిసరకు ఓడలలో వచ్చి కడ్డీలుగ తిరిగిపోవును. ఇంటిముందే లోహము కరగుచున్నదని అచటి రైతునకు రేకు చవుకగ రాదు. చెఱకు పండించు మన రైతు పంచదారను బజారుధరకే కొనుచున్నట్లే. కావున కొనువారు చేయదగిన లెక్క యిది. ఉక్కురేకు ధర, ఎన్నేండ్లకొకమాఱు రంగు వేయవలయునో ఆ ఖర్చు, ముప్పది యేండ్లలో ఒకసారి కప్పు విప్పి మరల వేయవలసివచ్చినచో ఆ కూలి, వీనిని ఒకవైపు వ్రాయవలయును. సత్తురేకు, దానికి తగిన మేకులు, పలకలు, పనివాని కూలి వేఱొకవైపు వ్రాయవలయును. అలల తుంపర ఇంటిమీద పడు చోట రెండవ వైపే తేలికయగుట తఱచు. తీరమునకు కొన్ని మైళ్లు లోపలనున్నచో అల్యూమినియము, జింకు కలిసిన పూతరేకే చాలును. సత్తునకు పెట్టు అదనపు సొమ్ము అచట వృథా. పాత సత్తురేకును కరగించి మరల లోహము చేయుటకు, ముడిమన్నునుండి చేయుటకు పట్టు శక్తిలో 20వ వంతు చాలును గనుక, విప్పిన రేకునకు కూడ ధర పలుకును. దానిని కూడ లెక్కలో వేసికొనవలయును.

సంఘము ద్వారమున కలసి తెప్పించుకొనువారు రేకు మందము, మిశ్రమలోహపు సంఖ్య, పూత రకము, తీరపు దూరమును గూర్చిన పూచీ, ఈ నాలుగును బేరమునకు ముందే వ్రాతపూర్వకముగ పుచ్చుకొనవలెను. మేకులను వేఱొక దుకాణమున కాక రేకుతోపాటే కొనవలెను.