ల్యాబు నుండి వార్డుకు: మధ్యనున్న దుబాసీ



ల్యాబులో రక్తం పరీక్షించే యంత్రాల ప్రోగ్రాము ఒక కంపెనీది, వార్డులో మేము చూసే కంప్యూటరు ప్రోగ్రాము మరొక కంపెనీది. ఒకదాని మాట మరొకదానికి తెలియదు. అందుకే రెండింటి మధ్య దుబాసీలాగా ఒక సర్వరు ఉంటుంది. దానినే మిడిల్‌వేర్ అంటారు.

అది ల్యాబు పంపిన ఫలితాన్ని అందుకొని, ల్యాబులో 'కె' అని ఉన్నదాన్ని వార్డుకు 'పొటాషియం' అని మార్చి, ఆసుపత్రి నంబరును బట్టి ఆ రోగి రికార్డులో చేరుస్తుంది. ఇలాంటి మార్పిడికి 1987లో ఏర్పడిన హెచ్.ఎల్.7 సంస్థ నియమాలు, 1994లో మొదలైన లాయింక్ పరీక్షల సంకేతాలు వాడుకలో ఉన్నాయి. అంకెతోపాటు కొలమానం కూడా రావాలి. షుగరు 15 మిల్లీమోల్స్ అంటే 270 మిల్లీగ్రాములు. కొలమానం లేకుండా 15 అని మాత్రమే వస్తే, షుగరు పడిపోయిందనుకొని గ్లూకోజు ఎక్కించే ప్రమాదముంది.

ఒక రాత్రి కిడ్నీ జబ్బుతో చేరిన ఒక పెద్దాయన పొటాషియం ఫలితం మా వార్డుకు ఎంతకూ రాలేదు. డ్యూటీ సిస్టరు ఫోను చేస్తే, "పంపి గంటయింది సిస్టర్, 6.8 ఉంది" అన్నారు ల్యాబువారు. మామూలుగా 3.5 నుండి 5 వరకు ఉండాలి. అంత పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. వెంటనే డాక్టరుగారిని పిలిచి, ఇ.సి.జి. తీసి, కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాము. ఆయన కోలుకున్నారు.

కారణం వెదికితే, క్యాజువాలిటీలో ఇచ్చిన తాత్కాలిక నంబరు వార్డులో మారింది. పాత నంబరు దొరకక సర్వరు ఆ ఫలితాన్ని 'ఆగినవి' అనే జాబితాలో ఉంచింది. మరొకరి రికార్డులో వేయకపోవడం మంచిదే. కాని ఆ జాబితా చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఆ లోపం మాదే.

ఇప్పుడు ప్రతి షిఫ్టు మొదట్లో ఇన్‌ఛార్జి సిస్టరు, ల్యాబు టెక్నీషియను కలిసి ఆ జాబితా చూస్తారు. నంబరు మారితే వెంటనే ల్యాబుకు తెలియజేస్తాము. ప్రమాదకర ఫలితాన్ని ల్యాబువారు ఫోనులో చెప్పాలి. విన్న సిస్టరు తిరిగి చదివి వినిపించి, రిజిస్టరులో వ్రాయాలి.

మీరు చేయగల సాయం ఒకటుంది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత ఓపీ కార్డు తెండి. అది పోతే, ఇంతకుముందు వచ్చామని కౌంటరులో చెప్పండి. ఒక మనిషికి ఒకే నంబరు ఉంటే ఫలితం దారి తప్పదు.